పిల్ల పొట్ట పదిలం

*పెరటి కోళ్ల పెంపకం మళ్లీ ఊపందుకుంది. కానీ ఆశగా తెచ్చుకున్న పిల్లలు ఎన్నో ఇళ్లలో నెల తిరక్కుండానే పారుడుతో పోతున్నాయి. వాటి ప్రాణం మందుసీసాలో కన్నా అవి పడుకునే ఊకలో, తాగే నీళ్లలో, పైన వేలాడే బల్బులో ఎక్కువగా ఉంది.*

తొలకరి పడి వారమైంది. పొద్దున్నే ఊళ్లోకి ఓ మోపెడ్ వచ్చింది. వెనక క్యారియర్ మీద ఒకదానిపై ఒకటి పేర్చిన చిల్లుల అట్టపెట్టెలు. లోపల్నుంచి ఒకటే కిచకిచ. "కోడిపిల్లలో... నాటుకోడి పిల్లలో..." అని మైకులో రికార్డు మోగుతోంది. పాలు పిండుతున్న ఒకామె చెంబు గట్టు మీద పెట్టి బయటికొచ్చింది.

"పెట్టలెన్ని, పుంజులెన్ని తమ్మీ?"

"ఇప్పుడెట్ల తెలుస్తదక్కా? జర పెద్దగయినంక నువ్వే చూసుకుంటవు."

బేరమాడి ఇరవై పిల్లల్ని గంపలోకి ఎంచుకుంది. వసారాలో నేల మీదే గంప బోర్లించి, గుప్పెడు నూకలు చల్లింది. స్టీలు పళ్లెంలో నీళ్లు పెట్టింది. బడి నుంచి వచ్చిన పిల్లలు చుట్టూ చేరి, ఒక్కో కోడిపిల్లకు ఒక్కో పేరు పెట్టారు. సాయంత్రానికి ముసురు పట్టింది. పిల్లలు పళ్లెంలోకి దిగి తడిశాయి. రాత్రంతా ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా పడుకున్నాయి.

నాలుగో రోజుకు ఒక పిల్ల రెక్కలు వేలాడేసి, కళ్లు అరమూసి, ఓ మూల నిలబడిపోయింది. ఎత్తి చూస్తే వెనక ఈకలు రెట్టతో గట్టిగా అంటుకుపోయి ఉన్నాయి. మర్నాటికి అలాంటివి నాలుగయ్యాయి. పసుపు నీళ్లు పట్టారు. వెల్లుల్లి నూరి పెట్టారు. పక్కింటావిడ దిష్టి తగిలిందంది. ఎర్ర మిరపకాయలు దిగదుడిచారు. రెండు వారాలు తిరిగేసరికి గంప కింద సగం పిల్లలే మిగిలాయి.

ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ పెరట్లో కోళ్లు పెంచే ఏ వీధిలో అడిగినా ఇలాంటి కథే చెబుతారు. ఇందులో జాలి కలిగించే విషయం ఒకటుంది. పోయిన ఆ పిల్లల్లో చాలావాటిని పెద్ద ఖర్చు లేకుండానే నిలబెట్టుకోవచ్చు.

పెరుగుతున్న పెరడు

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్ల సంఖ్య 85 కోట్లు దాటింది. అందులో పెరటి కోళ్లు సుమారు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే ఇవి 45.8 శాతం పెరిగాయి. మొత్తం కోళ్ల లెక్కలో రాష్ట్రాల వరుస చూస్తే తమిళనాడు తర్వాత రెండు, మూడు స్థానాలు మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. నాటుకోడి మాంసానికీ, నాటు గుడ్డుకూ గిరాకీ పెరిగాక ఊళ్లలోనే కాదు, పట్నం శివార్లలోనూ మేడ మీద నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు కనిపిస్తున్నారు.

పెరట్లో పెంచడానికి తగిన మేలు జాతుల్ని రూపొందించడంలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌కు పెద్ద పేరుంది. అక్కడి కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వచ్చాయి. పశువైద్య విశ్వవిద్యాలయం రాజశ్రీని అందించింది. ఇవన్నీ ఊరి వాతావరణాన్ని తట్టుకునే కోళ్లే. అయితే ఆ తట్టుకునే శక్తి పెద్దయ్యాక వచ్చేది. మొదటి నాలుగైదు వారాలు ఏ జాతి పిల్లయినా సుకుమారమే.

అమ్మ లేని పిల్లలు

వెనకటి రోజుల్లో పెట్ట పది పన్నెండు గుడ్ల మీద కూర్చుని 21 రోజులు పొదిగేది. పిల్లలు దిగాక వాటిని రెక్కల కిందకు తీసుకుని వెచ్చగా ఉంచేది. కాలితో గీరి, ముక్కుతో పొడిచి, ఏది తినాలో చూపించేది. తడి చోటు నుంచి పొడి చోటుకు పిలుచుకుపోయేది. ఇదంతా కంటికి కనిపించేదే. కనిపించని మేలు మరొకటుంది. తల్లి తిరిగిన చోట తిరుగుతూ, తల్లి గీరిన మట్టిని పొడుస్తూ పిల్లలు ఆమె పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను తమ పొట్టలోకి తెచ్చుకునేవి.

ఈ సంగతిని ప్రపంచానికి తేటతెల్లం చేసింది ఫిన్లాండ్. 1971లో అక్కడి కోళ్లలో సాల్మొనెల్లా బాగా ప్రబలింది. ఎస్కో నుర్మీ, రంటాలా అనే పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడి పేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు అందించి చూశారు. అలా అందుకున్న పిల్లల్లో సాల్మొనెల్లా నిలదొక్కుకోలేకపోయింది. మంచి సూక్ష్మజీవులు ముందే చోటు పట్టేస్తే చెడ్డవాటికి జాగా దొరకదని 1973లో వాళ్లు ప్రకటించారు. ఇప్పుడు కోళ్లకు వాడే ప్రోబయోటిక్ పొడుల వెనక ఉన్న ఆలోచనకు ఆ పరిశోధన గట్టి పునాది.

హేచరీ పెట్టెలో దిగిన పిల్లకు ఈ వారసత్వం లేదు. వెచ్చదనమిచ్చే రెక్క లేదు, మేత చూపే ముక్కు లేదు. అందుకే మిషన్ పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. నెల రోజులపాటు ఆ తల్లి పని మనదే.

పొట్టలోనే సద్దిమూట

గుడ్డు నుంచి బయటికి రావడానికి కాస్త ముందు పిల్ల తన పచ్చసొన సంచిని బొడ్డు గుండా పొట్టలోకి లాక్కుంటుంది. ప్రకృతి కట్టిచ్చిన సద్దిమూట అది. దాని బలంతోనే రెండు మూడు రోజులు మేత లేకపోయినా బతుకుతుంది. హేచరీలు వందల కిలోమీటర్ల దూరానికి పిల్లల్ని పంపగలిగేది ఈ ధైర్యంతోనే.

ఆ గడువును చివరిదాకా లాగడం మాత్రం మంచిది కాదు. మేత, నీళ్లు ఎంత త్వరగా అందితే పేగులు అంత చురుగ్గా ఎదుగుతాయి. దారిలో ఎండకు ఒళ్లు ఎండిపోయిన పిల్లకు రెట్ట గట్టిపడి వెనక అంటుకుంటుంది. మురికి పొదిగే పెట్టెలో దిగిన పిల్లకు బొడ్డు సరిగా మూసుకోక, ఆ దారిన ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. పచ్చసొన కరగకుండా కుళ్లుతుంది. పొట్ట ఉబ్బి, బొడ్డు దగ్గర తడిగా, నల్లగా, దుర్వాసనతో ఉన్న పిల్ల మొదటి వారం దాటడం కష్టం. కొనేటప్పుడే పిల్లను తిప్పి బొడ్డు చూడాలి. పొడిగా, మూసుకుని ఉండాలి.

▪ తొలి 24 గంటలు ▪

- పిల్లలు రాకముందే బల్బు వేసి చోటు వెచ్చబరచాలి. వచ్చాక వెతుక్కోవద్దు.
- ముందు నీళ్లు, తర్వాత మేత. ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ఒకసారి ముంచి వదిలితే తాగడం నేర్చుకుంటుంది.
- నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. అలసిన పిల్లలకు మొదటి కొన్ని గంటలు గ్లూకోజ్ కలపొచ్చు. ఆ నీళ్లు పులవకముందే పారబోసి మంచినీళ్లు పెట్టాలి.
- పళ్లెం వద్దు. చిన్న డ్రింకర్ మేలు. అది లేకపోతే లోతు తక్కువ గిన్నెలో శుభ్రమైన గులకరాళ్లు పరవాలి.
- ఊక మీద రెండు మూడు రోజులు కాగితం పరిచి మేత చల్లాలి. లేకపోతే ఊకనే మేత అనుకుని తింటాయి. నున్నటి కాగితం మీద కాళ్లు జారి చీలుకుపోతాయి కాబట్టి గరుకు కాగితం వాడాలి.
- రాత్రి పడుకోబోయే ముందు మెడ కింద మేతసంచిని వేళ్లతో తాకాలి. మెత్తగా నిండుగా ఉంటే తిని తాగినట్టు. గట్టిగా ఉంటే నీళ్లు చాలలేదు. ఖాళీగా ఉంటే ఆ పిల్లకు ఏదీ అందలేదు.

చలి పొట్టకు తగులుతుంది

మొదటి రెండు వారాల్లో పిల్ల తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. చలి వేస్తే మేత మానేసి ముడుచుకుంటుంది. తిన్నది అరగదు. రెట్ట జిగురుగా మారి మలద్వారం చుట్టూ ఉన్న నూగుకు అంటుకుంటుంది. ఆరాక అదే బిరడాలా బిగుస్తుంది. లోపలి రెట్ట బయటికి రాలేక రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. వేడి మరీ ఎక్కువైనా ఇదే గతి.

అలాంటి పిల్ల కనబడగానే చాలామంది గోటితో గిల్లి లాగేస్తారు. లేత చర్మం ఊడి వస్తుంది, రక్తం కారుతుంది. మిగతా పిల్లలు ఆ ఎరుపును పొడిచి పొడిచి చంపుతాయి. చేయాల్సింది వేరు. పిల్లను అరచేతిలో పట్టుకుని, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదిని ఆ చోట ఒకటి రెండు నిమిషాలు అదిమి ఉంచాలి. రెట్ట నానాక దానంతటదే జారుతుంది. మెల్లగా తుడిచి, పొడిగుడ్డతో అద్ది, కొద్దిగా కొబ్బరినూనె రాయాలి. ఒళ్లు పూర్తిగా ఆరాకే మిగతావాటిలో కలపాలి. ఒక జాగ్రత్త. కడుపు మధ్యన కనిపించే ఎండిన చిన్న చెక్కు బొడ్డుది. దాన్ని రెట్ట అనుకుని లాగితే పిల్ల దక్కదు. మలద్వారం ఉండేది తోక కింద.

ఈ మధ్య కొత్తగా ఒక చిక్కు వచ్చిపడింది. పాతకాలం ఫిలమెంట్ బల్బులు ఇళ్లలో కనుమరుగయ్యాయి. వాటి చోట ఎల్‌ఈడీ బల్బు వేలాడదీసి, వెలుతురు ఉంది కదా, వెచ్చగానే ఉంటాయి అనుకుంటున్నారు. పిల్లల్ని కాచేంత వేడి ఎల్‌ఈడీ ఇవ్వదు. ఫిలమెంట్ బల్బో, బ్రూడర్ల కోసం అమ్మే ఇన్‌ఫ్రారెడ్ బల్బో కావాలి. ఫిలమెంట్ బల్బయితే పిల్లకు రెండు వాట్ల లెక్కన చూసుకోవడం మనవాళ్ల అలవాటు. కరెంటు పోయే ఊళ్లో బొగ్గుల కుంపటి పెట్టేవారు పొగ బయటికి పోయే దారి తప్పక చూసుకోవాలి.

▪ వారం వారం వేడి ▪

- మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్. ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల ఫారన్‌హీట్ చొప్పున తగ్గించాలి.
- థర్మామీటర్ లేకపోతే పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుట్టగా చేరి అరుస్తుంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఉక్క. ఒకే పక్కకు చేరితే ఎక్కడో ఈదురుగాలి కొడుతోంది. అన్ని వైపులా చెదిరి తింటూ, తాగుతూ, పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు.
- మొదటి నెలలో పిల్లకు కనీసం అర చదరపు అడుగు చోటు ఉండాలి.

తెల్ల పారుడు: గుడ్డులోనే మొదలు

అంటుకుపోయిన ప్రతి తెల్ల రెట్టా చలి వల్లే వచ్చిందనుకోవద్దు. సుద్దలా తెల్లగా పారుతూ, పిల్లలు వరసగా రాలిపోతుంటే పుల్లోరం వ్యాధిని అనుమానించాలి. దీనికి కారణమైన బ్యాక్టీరియాను అమెరికా శాస్త్రవేత్త లియో రెట్గర్ 1900లోనే వివరించారు. సాల్మొనెల్లా జాతికి చెందిన ఈ క్రిమి తల్లికోడి అండాశయంలో దాక్కుని గుడ్డు ద్వారా పిల్లకు చేరుతుంది. పొదిగే యంత్రంలో ఒక పిల్ల నుంచి పక్క పిల్లలకు పాకుతుంది. రెండు, మూడు వారాల వయసులో చావులు ఎక్కువగా ఉంటాయి. బతికి బట్టకట్టిన పిల్ల పెద్దయ్యాక తానూ ఆ క్రిమిని మోస్తుంది.

మందుతో చావులు తగ్గొచ్చు గానీ మందలోంచి క్రిమి పోదు. అందుకే గుడ్లు పెట్టే తల్లి కోళ్లను రక్తపరీక్ష చేసి, క్రిమి ఉన్నవాటిని ఏరివేయడమే మార్గమని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఒక చుక్క రక్తంతో ప్లేటు మీద చేసే చిన్న పరీక్ష అది. పిల్లల్ని కొనేవారు 'తల్లి మందకు పరీక్ష చేయించారా?' అని హేచరీని అడగాలి. మోపెడ్ మీద వచ్చిన పెట్టెలకు ఊరూ పేరూ ఉండవు. ప్రభుత్వ ఫారాలు, విశ్వవిద్యాలయాలు, పేరున్న హేచరీల నుంచి తెచ్చుకుంటే పిల్ల ఎక్కడ పుట్టిందో అడగడానికి ఒక గడప ఉంటుంది.

రక్త పారుడు: తడి ఊకలో తయారు

మూడో వారం దాటాక వచ్చే పెద్ద గండం కాక్సిడియోసిస్. ఊళ్లలో రక్త పారుడు అంటారు. ఐమీరియా అనే సూక్ష్మ పరాన్నజీవి దీనికి మూలం. ఇందులో మరీ ప్రమాదకరమైన రకం జంట గుడ్డిపేగుల గోడల్ని చీల్చి రక్తం కార్పిస్తుంది. రాత్రి బాగానే ఉన్న పిల్ల పొద్దున పాలిపోయి, ముడుచుకుని, ఎర్రటి రెట్ట వేస్తుంది.

ఈ పరాన్నజీవి బతుకు తీరు తెలిస్తే సగం యుద్ధం గెలిచినట్టే. రెట్టతో పాటు దాని గుడ్లు ఊకలో పడతాయి. పడిన వెంటనే వాటికి రోగం తెచ్చే శక్తి ఉండదు. తేమ, వెచ్చదనం, గాలి మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో అవి సిద్ధమవుతాయి. వాటిని పిల్ల పొడిచి తింటే, వారం తిరిగేసరికి అది వేసే రెట్టలో వేలకు వేలు కొత్త గుడ్లు బయటపడతాయి. మామూలు ఫినాయిల్ వీటినేమీ చేయలేదు. వీటిని దెబ్బతీసేది ఎండుదనం. ఊక పొడిగా ఉంటే ఆ గొలుసు అక్కడే తెగుతుంది.

కాబట్టి రోజుకోసారి ఊకను కింద మీద చేసి కలపాలి. గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిసికి వదలండి. పొడిపొడిగా రాలితే మంచిది. ముద్దగా నిలిస్తే వెంటనే తీసి కొత్తది వేయాలి. ఎక్కువ తడి డ్రింకర్ చుట్టూనే ఉంటుంది. దాన్ని ఇటుక మీద పెట్టి, పిల్లలు ఎదిగేకొద్దీ వాటి వీపు ఎత్తుకు లేపుతూ పోతే నీళ్లు ఒలకవు, రెట్ట అందులో పడదు. వానాకాలంలో జల్లు కొట్టే వైపు పరదా దించినా, పైన గాలి ఆడే సందు వదలాలి.

ఇక్కడ ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. కొద్దికొద్దిగా ఈ పరాన్నజీవికి అలవాటు పడిన పిల్లలో రోగనిరోధక శక్తి దానంతటదే పెరుగుతుంది. ఒక్కసారిగా కుప్పలుగా లోపలికి పోయినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. చిన్న పిల్లల్నీ పెద్ద కోళ్లనూ ఒకే గూట్లో కలపొద్దనేది ఇందుకే. రక్తం కనబడితే మాత్రం చిట్కాలతో కాలం గడపొద్దు. పశువైద్యులు సాధారణంగా నీళ్లలో కలిపే ఆంప్రోలియం రాస్తారు. అది పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేసి పనిచేస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో బలం కోసమని బి కాంప్లెక్స్ టానిక్ పోస్తే మందు పని చెడుతుంది.

▪ రెట్ట చూస్తే తెలుస్తుంది ▪

- బూడిద లేదా గోధుమ రంగు ముద్ద, పైన తెల్లటి టోపీ: ఆరోగ్యం. ఆ తెలుపు మూత్రమే.
- అప్పుడప్పుడు చాక్లెట్ రంగులో, జిగటగా, బాగా వాసనతో: గుడ్డిపేగు నుంచి వచ్చే మామూలు రెట్ట. భయం వద్దు.
- నీళ్లలా పలచన: ఎండ తాపం, మేతలో ఉప్పు ఎక్కువ కావడం, లేదా జబ్బు మొదలు.
- సుద్దలా తెల్లగా, వెనక అంటుకుంటూ: చలి, ఒళ్లు ఎండిపోవడం లేదా పుల్లోరం.
- ఆకుపచ్చగా, మెడ వంకర, గురక: కొక్కెర తెగులు అనుమానం.
- ఎర్రగా, రక్తం జీరలతో: కాక్సిడియోసిస్. ఆ పూటే మందు పడాలి.

గింజలో దాగిన విషం

ఇంట్లో మిగిలిన అన్నం, పచ్చడి కలిసిన మెతుకులు, నూకలు. పెరటి పిల్లలకు మన దగ్గర దక్కే మేత చాలాచోట్ల ఇదే. నూకల్లో పిండి పదార్థం ఉంది గానీ ఎదిగే పిల్లకు కావాల్సిన మాంసకృత్తులు చాలవు. ఉప్పు తగిలిన కూడు తింటే పిల్ల నీళ్లు అతిగా తాగి పలచగా పారుతుంది, ఊక తడుస్తుంది. ఒక తప్పు మరో జబ్బుకు తలుపు తీయడం అంటే ఇదే. మొదటి ఆరు వారాలు సుమారు 20 శాతం మాంసకృత్తులున్న చిక్ స్టార్టర్ దాణా పెట్టగలిగితే మంచిది. చెదలు పట్టి పిల్లలకు వేసే మన పాత పద్ధతి కూడా మాంసకృత్తులు అందించేదే. పురుగుమందు చల్లని చోటివైతే చాలు.

పొడి దాణా తినే పిల్లకు ఇసుక రాళ్లతో పని లేదు. ఆకుకూర తునకలు, గింజలు మొదలుపెట్టాక మాత్రం సన్నటి గరుకు ఇసుక అందుబాటులో ఉంచాలి. కోడికి పళ్లు లేవు. కందనకాయలో ఆ రాళ్లే మేతను నూరతాయి. అవి లేకుండా పీచు, పొడవాటి గడ్డి తింటే మేతసంచిలో ఉండ కట్టి అడ్డం పడుతుంది.

అన్నిటికన్నా మోసకారి బూజు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుబట్టని జబ్బుతో చనిపోయాయి. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజు బయటపడింది. అలా లోకానికి తెలిసిన విషమే అఫ్లాటాక్సిన్. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, అరుగుదలను మందగింపజేస్తుంది, రోగనిరోధక శక్తిని కుంగదీస్తుంది. వేరుశనగ, మొక్కజొన్న విరివిగా పండే మన నేలకు ఈ పాఠం మరీ అవసరం. వానలో తడిసిన మొక్కజొన్న మనకు పనికిరాకపోతే కోళ్లకు వేద్దామనే అలవాటు మానుకోవాలి. ఎండబెట్టి బూజు దులిపినంత మాత్రాన విషం పోదు.

పారుడంతా పొట్ట జబ్బు కాదు

ఆకుపచ్చ పారుడుతో మందకు మంద తుడిచిపెట్టుకుపోతే అది పేగుల సమస్య అనుకుని పొరబడతారు. చాలాసార్లు అది కొక్కెర తెగులు, వైరస్ వల్ల వస్తుంది. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో, ఆ వెంటనే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో దీన్ని గుర్తించడంతో ఆ ఊళ్ల పేర్లే దీనికి స్థిరపడ్డాయి. సోకాక మందు లేదు, ముందే టీకా ఉంది. అయిదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క లసోటా, రెండో వారంలో గంబోరో అనే మరో జబ్బుకు టీకా, నాలుగో వారంలో లసోటా మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌2బీ సూది. టీకా సీసాలో చాలా మోతాదులు ఉంటాయి. పది పిల్లలున్న ఇల్లు ఒంటరిగా కొనలేదు. వీధిలోవాళ్లంతా ఒకే వారంలో పిల్లల్ని తెచ్చుకుని, ఒకే రోజు చుక్కలు వేయించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఊరికీ రక్ష దొరుకుతుంది.

పారుడు కనబడగానే మందుల షాపుకు వెళ్లి ఏదో ఒక యాంటీబయాటిక్ తెచ్చి నీళ్లలో కలిపేవారు ఎక్కువయ్యారు. రక్త పారుడు పరాన్నజీవిది, కొక్కెర వైరస్‌ది. చాలా యాంటీబయాటిక్‌లు ఈ రెండిటి మీదా పనిచేయవు. పైగా పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను ఊడ్చేస్తాయి. మొండి క్రిములను తయారుచేసి మన పిల్లల మందులకే ఎసరు పెడతాయి. కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే పశుపక్షాదుల్లో వాడకుండా 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది ఈ భయంతోనే. మనుషులకు చివరి అస్త్రంగా వాడే మందు అది.

▪ డాక్టర్‌కు చెప్పాల్సిన వేళ ▪

- ఒకే రోజు రెండు మూడు పిల్లలు చనిపోయినప్పుడు
- రెట్టలో రక్తం కనిపించినప్పుడు
- మెడ తిరగడం, కాళ్లు పడిపోవడం, గురక ఉన్నప్పుడు
- ఊళ్లో వేరే ఇళ్లలోనూ కోళ్లు పోతున్నప్పుడు

సంచార పశువైద్య సేవలకు తెలుగు రాష్ట్రాల్లో నంబరు 1962. చనిపోయిన పిల్లను పారేయకుండా డాక్టర్‌కు చూపిస్తే కోసి కారణం చెప్పగలరు. ఆ తర్వాత సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. పిల్లల్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి. చిన్నారులు కోడిపిల్లల్ని ముద్దు పెట్టుకోకుండా చూడాలి. బాగా కనిపించే పిల్ల ఒంటి మీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు.

పెరటి పెట్ట అక్కల పెట్టుబడి

పల్లెల్లో పెరటి కోడి ఆడవాళ్ల ఆస్తి. పొలం భర్త పేరున ఉండొచ్చు, పాడి డబ్బు డెయిరీ ఖాతాలో పడొచ్చు. గుడ్లు అమ్మిన డబ్బు మాత్రం ఆమె కొంగుకే చేరుతుంది. బడి పుస్తకాలకో, పండక్కో, చెప్పకుండా వచ్చిన చుట్టానికో అదే ఆదుకుంటుంది. ఇంట్లో పసివాళ్లకు రోజూ ఒక గుడ్డు దక్కేదీ ఆ పెట్ట వల్లే. ఇరవై పిల్లల్లో పది పోవడమంటే ఆ ఇంటి చేతిఖర్చు సగానికి తెగిపోవడం.

కేంద్రం పెరటి కోళ్ల పథకంలో ఒక మంచి పద్ధతి ఉండేది. పిల్లల్ని మొదట మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచి, గండం గడిచాక పేద కుటుంబాలకు ఇచ్చేవారు. ఊళ్లో నలుగురు మహిళలు కలిసి ఇదే పని సొంతంగా చేయొచ్చు. ఒక ఇంట్లో బ్రూడర్ పెట్టి అందరి పిల్లల్నీ నెల దాకా సాకి, టీకాలు వేయించి పంచుకోవచ్చు. కాచే చేయి ఒక్కటయితే మెలకువ పెరుగుతుంది, బల్బు ఖర్చు తగ్గుతుంది, టీకా సీసా వృథా పోదు.

పశుసంవర్ధక శాఖ, మహిళా సంఘాలు పిల్లల్ని పంచే రోజునే ఈ కాపు పనిని చేతికి నేర్పాలి. బల్బు ఏది కొనాలి, ఊక ఎలా పిసికి చూడాలి, మేతసంచి ఎలా తాకాలి అన్నది ఒక పూటలో నేర్పగలిగిన విద్య. ఎన్ని వేల పిల్లల్ని పంచామన్న అంకె కాగితం మీద ఘనంగానే ఉంటుంది. మూడు నెలలు పోయాక ఆ ఇళ్లకు వెళ్లి, పెరట్లో ఎన్ని తిరుగుతున్నాయో లెక్కపెట్టాలి. ఏ పథకమైనా ఆ అంకె మీదే మార్కులు వేయించుకోవాలి.